ఆగిన వాచీ విప్పడమూ ఒక చదువే

హాస్టల్ వార్షికోత్సవ సంచికకి పూర్వ విద్యార్థిగా ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. ఇలాంటి సంచికల్లో మాబోటివాళ్ళు ఏం రాస్తారో మీకు తెలుసు. కష్టపడి చదవండి, లక్ష్యం పెట్టుకోండి, సెల్‌ఫోన్‌కి దూరంగా ఉండండి. ఆ మూడూ ఈ సంచికలోనే ఇంకెవరో రాసి ఉంటారు కాబట్టి నేను వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. కీ ఇచ్చే వాచీని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి నడిపించడం మన హాస్టల్ పిల్లలు నేర్చుకోవాలి. ఉద్యోగం కోసం కాదు. సరదా కోసం.

సరదా అనే మాట వినగానే కొందరు పెద్దలకి నచ్చదని తెలుసు. ప్రభుత్వం అన్నం పెట్టి చదివిస్తుంటే సరదాలేమిటని అడుగుతారు. ఇంతకీ మన పిల్లలు బయోడేటా రాసేటప్పుడు 'హాబీలు' అన్న గడి దగ్గరే ఎందుకు ఆగిపోతారో ఎప్పుడైనా గమనించారా? పేరు, తండ్రి పేరు, కులం, ఆదాయం అన్నీ చకచకా రాస్తారు. ఆ గడి దగ్గరకి వచ్చేసరికి పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి 'క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవటం' అని రాసేస్తారు. హాబీ అనేది వేరేవాళ్ళ ఇళ్ళలో ఉండే వస్తువని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

ఇక్కడ నాకో పేచీ ఉంది. కాన్వెంటు పిల్లవాడు స్క్రూడ్రైవరు పట్టుకుని బొమ్మకారు విప్పితే "బుర్ర ఉన్నవాడు, సైంటిస్టు అవుతాడు" అంటారు. హాస్టలు పిల్లవాడు అదే స్క్రూడ్రైవరు పట్టుకుంటే "మంచిదే, ఏదో ఒక పని నేర్చుకుంటున్నాడు, రేపు పొట్ట పోసుకుంటాడు" అంటారు. రెండో మాట తిట్టు కాదు, దీవెనలాగానే అంటారు. కానీ తేడా చూడండి. మొదటివాడికి బుర్ర ఇచ్చారు, రెండోవాడికి పొట్ట ఇచ్చారు. నాకూ బుర్ర ఉంది, నాకు తోచింది విప్పి చూసుకుంటాను, దానివల్ల నాలుగు రూపాయలు రాకపోయినా ఫర్వాలేదు అని మన పిల్లవాడు ఎందుకు అనకూడదు? అందుకే దీన్ని వృత్తివిద్యా కోర్సు కింద పెట్టమని నేను అడగడం లేదు. పెడితే వద్దంటాను కూడా.

మన ఇళ్ళలో చేతిపని కొత్తదేమీ కాదు. చెప్పులు కుట్టిన చేతులు, డప్పు బిగించిన చేతులు, బుట్టలు అల్లిన చేతులు మన తాతలవి. ఆ పని నుంచి, దాని వెంట వచ్చిన అవమానం నుంచి తప్పించడానికే అమ్మానాన్నలు మనల్ని తెచ్చి ఇక్కడ చేర్చారు. వాళ్ళు చేసింది న్యాయమే. అయితే తరగతులు పెరిగేకొద్దీ చేతులతో పని చేయడమే నామోషీ అన్న భావం మనలోకి చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటుంది. వృత్తిని అభిరుచి కాకుండా పుట్టుక నిర్ణయించడాన్ని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తప్పుపట్టారు. ఆయన తప్పుపట్టింది ఆ నిర్ణయాన్ని, చేతుల్ని కాదు. ఎవరూ అంటగట్టని పనిని మనంతట మనం ఎంచుకుని చేయడంలో ఉన్న సుఖం వేరు.

సరే, వాచీయే ఎందుకు? రేడియోనో, సెల్‌ఫోనో విప్పకూడదా? విప్పొచ్చు. కానీ సెల్‌ఫోను విప్పితే నల్లటి చిప్పులు కనిపిస్తాయి, అవి ఏం చేస్తున్నాయో కంటికి తెలియదు. సెల్లు వేసే క్వార్ట్జ్ వాచీ కూడా అంతే. అందులో ఒక చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది (2ని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది, లెక్కల మాస్టారికి చెప్పండి, సంతోషిస్తారు). కానీ ఆ కంపనాన్ని మనం చూడలేం. కీ ఇచ్చే వాచీలో అలాంటి దాపరికం ఉండదు. ఏ భాగం ఏం చేస్తుందో భూతద్దం పెట్టుకుంటే అంతా ఎదురుగానే ఉంటుంది.

కీ తిప్పినప్పుడు మనం చుట్టేది మెయిన్ స్ప్రింగుని. అది బ్యారెల్ అనే చిన్న డబ్బాలో ఉంటుంది. చుట్టుకున్న స్ప్రింగుకి ఒకటే కోరిక, ఒక్కసారిగా విప్పుకోవాలని. అడ్డం లేకపోతే చక్రాలన్నీ గిర్రున తిరిగి కాసేపట్లోనే శక్తంతా అయిపోతుంది. ఆ శక్తిని ఒక రోజుకి పైగా చిటికెడు చిటికెడుగా వదలడమే వాచీ చేసే పని. అందుకోసం చివరన ఎస్కేప్ వీల్ అనే చక్రం, దానికి ఎదురుగా రెండు కొమ్ములున్న ప్యాలెట్ ఫోర్క్ అనే చిన్న భాగం, ఆ పైన అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ ఉంటాయి. బ్యాలెన్స్ వీల్ ఒకసారి ఊగితే ఫోర్క్ ఒక పన్నుని వదిలి ఇంకో పన్నుని పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న చప్పుడే మనకి వినిపించే టిక్. బ్యాలెన్స్ వీల్‌ని వెనక్కి లాగేది వెంట్రుక లాంటి హెయిర్ స్ప్రింగ్. అంత పెద్ద వాచీ మిషన్‌కి గుండె అదే.

ఇక లెక్క. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. నిమిషాల ముల్లుని మోసే సెంటర్ వీల్ గంటకి ఒక చుట్టు తిరుగుతుంది. దానికి 80 పళ్ళున్నాయనుకుందాం. అది మూడో చక్రం ఇరుసు మీదున్న 10 పళ్ళ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అంటే మూడో చక్రం 8 చుట్లు తిరుగుతుంది. మూడో చక్రానికి 75 పళ్ళు, అది నాలుగో చక్రం ఇరుసు మీది 10 పళ్ళని తిప్పుతుంది, అంటే ఏడున్నర చుట్లు. 8ని ఏడున్నరతో గుణించండి. 60 వచ్చింది కదా! నాలుగో చక్రం గంటకి 60 చుట్లు, అంటే నిమిషానికి ఒకటి. సెకన్ల ముల్లుకి కావలసింది అదే. ఇంకొంచెం ముందుకి వెళితే నాలుగో చక్రానికి 80 పళ్ళు, ఎస్కేప్ వీల్ ఇరుసు మీద 8. కాబట్టి ఎస్కేప్ వీల్ నిమిషానికి 10 చుట్లు. దానికి 15 పళ్ళు, ఒక్కో పన్నుకి రెండు టిక్‌లు. నిమిషానికి 300, గంటకి 18,000, రోజుకి 4,32,000 టిక్‌లు. మీ చేతికి దొరికిన వాచీలో పళ్ళ సంఖ్య వేరుగా ఉండొచ్చు. ఎంత వేరుగా ఉన్నా నిమిషాల చక్రం నుంచి సెకన్ల చక్రం దాకా గుణిస్తే 60 రావలసిందే, లేకపోతే అది వాచీ కాదు.

ఎనిమిదో తరగతిలో నిష్పత్తులు చదువుకున్నాం. తోటమాలి ఒక పనిని ఆరు రోజుల్లో చేస్తే ఇద్దరు కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారని లెక్కలు చేశాం. ఆ తోటమాలిని ఎవరం చూడలేదు. ఇక్కడ పళ్ళు లెక్కపెట్టి, గుణించి, వాచీ ముందు కూర్చుని సరిచూసుకోవచ్చు.

ఇంకో లెక్క. రోజుకి 86,400 సెకన్లు. పాత కీ వాచీ రోజుకి 30 సెకన్లు ముందుకో వెనక్కో పోతే జనం పనికిరాదంటారు. అంటే అది 99.96 శాతం కరెక్టుగా నడుస్తున్నట్టు. పదో తరగతిలో 99.96 శాతం తెచ్చుకున్నవాణ్ణి ఒకణ్ణి చూపించండి.

విహారయాత్రకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో మ్యూజికల్ క్లాక్ ముందు అందరం గుంపుగా నిలబడతాం. గంట కాగానే గడ్డం బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. చప్పట్లు కొట్టి బస్సెక్కేస్తాం. బొమ్మ తలుపు వెనకాల ఏముంది, ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరు సరిచేస్తున్నారు అని మనలో ఎంతమంది అడిగారు? అడగాలని తోచకపోవడమే నా బాధ.

చేత్తో పనిచేసేవాణ్ణి పుస్తకాలవాళ్ళు ఎంత నమ్ముతారో తెలియాలంటే జాన్ హారిసన్ గురించి చదవండి. ఆయన ఇంగ్లండులో 1693లో వడ్రంగి ఇంట పుట్టిన వడ్రంగి. గడియారాల పని ఎవరి దగ్గరా శిష్యరికం చేసి నేర్చుకున్నది కాదు. 1713లో చెక్క చక్రాలతోనే గడియారం చేశాడు. ఆ రోజుల్లో సముద్రం మీద ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలిసేది కాదు, ఓడలకి ఓడలు రాళ్ళకి కొట్టుకుని మునిగేవి. భూమి 4 నిమిషాలకి ఒక డిగ్రీ తిరుగుతుందని మనం సాంఘికశాస్త్రంలో చదువుకున్నదే. బయల్దేరిన ఊరి టైం చూపించే గడియారం ఓడలో ఉంటే, ఉన్నచోట సూర్యుణ్ణి చూసి తేడా కట్టి రేఖాంశం చెప్పేయొచ్చు. కానీ ఓడ ఊపుకి, ఎండకి, చలికి తట్టుకునే గడియారం లేదు. దీనికి దారి చూపినవారికి 20,000 పౌన్ల దాకా బహుమతి ఇస్తామని 1714లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. హారిసన్ దశాబ్దాలపాటు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ 1759లో నాలుగోది పూర్తిచేశాడు. అడ్డం 13 సెంటీమీటర్లు, పెద్ద సైజు జేబు గడియారంలా ఉంటుంది. 1761లో జమైకాకి బయల్దేరిన ఓడలో పరీక్షిస్తే అద్భుతంగా నడిచింది. అయినా పరీక్ష పెట్టిన బోర్డులోని పండితులకి నమ్మకం కుదరలేదు. చంద్రుణ్ణి, నక్షత్రాలని చూసి లెక్కకట్టే తమ పద్ధతే గొప్పదనుకున్నారు. ఇంకో పరీక్ష, ఇంకో గడియారం అంటూ తిప్పారు. చివరికి రాజు కల్పించుకున్నాక 1773లో పార్లమెంటు మిగతా సొమ్ము కింద 8,750 పౌన్లు ఇచ్చింది. అప్పటికి ఆయనకి 80 ఏళ్ళు. స్కాలర్‌షిప్ ఆలస్యమైందని బాధపడే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది!

ఇప్పుడు మన సంగతికొద్దాం. నేర్చుకోవడానికి మనకి సరిపోయేవి పాత హెచ్.ఎం.టి. వాచీలు. జపాన్‌కి చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో ఆ ప్రభుత్వ సంస్థ వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, సోనా అనే పేర్లు మీ తాతగారిని అడిగితే చెప్తారు. పెళ్ళిలో అల్లుడికి పెట్టే వాచీ అదే, రిటైరైన మాస్టారికి ఇచ్చే వాచీ అదే. ఆ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అయినా ఆగిపోయినవి ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున చాలానే ఉన్నాయి. రిపేరు షాపుల్లోనూ పాడైనవి డబ్బాల్లో పడి ఉంటాయి. మొదట తాతగారి వాచీ జోలికి మాత్రం పోవద్దు. షాపులో ఎందుకూ పనికిరాదని పక్కన పడేసిన మిషన్ అడిగి తెచ్చుకోండి. ఆన్‌లైన్‌లో తళతళలాడుతూ కనిపించే పాత హెచ్.ఎం.టి.లలో చాలావాటికి డయల్ కొత్తగా రంగు వేసిందై ఉంటుంది. చూసి మోసపోవద్దు.

ఊళ్ళో రిపేరు చేసే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళేటప్పుడు చాచా అనో మామయ్యా అనో పలకరించి, ఆయన పని అయ్యేదాకా నిలబడండి. అద్దాల పెట్టె వెనక, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే ఆ మనుషులు తగ్గిపోతున్నారు. వాళ్ళ పిల్లలు సెల్‌ఫోన్ల రిపేరుకి వెళ్ళారు. వాచీ ఇస్తే లోపలి రాళ్ళు మార్చేస్తాడని వాళ్ళమీద మనవాళ్ళకో అనుమానం కూడా ఉంది. డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉండేది చూసి లోపల రత్నాలున్నాయనుకుంటారు. అవి కృత్రిమంగా చేసిన కెంపులు. ఇరుసులు అరగకుండా తిరగడానికి పెట్టినవి, అమ్మితే టీ ఖర్చులు కూడా రావు.

సామాను పెద్దగా అక్కర్లేదు. సన్నని స్క్రూడ్రైవర్లు మూడు, మొన సరిగ్గా ఉన్న ట్వీజర్స్, కంటికి పెట్టుకునే భూతద్దం, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, వాచీ మిషన్ పట్టుకునే స్టాండు, మూతలున్న చిన్న డబ్బాలు. ఒక మంచి క్రికెట్ కిట్టు ఖరీదులో నలుగురైదుగురికి సరిపోయే సామాను వస్తుంది. వీటికి తోడు ఒక తెల్లటి దుప్పటి. బల్ల మీద కాదు, బల్ల కింద పరవడానికి. వాచీ స్ప్రింగులకి ఎగిరిపోయే గుణం ఉంది. ఈ పని నేర్చుకునేవాడు సగం కాలం నేలమీద మోకాళ్ళ మీదే గడుపుతాడు.

విప్పేముందు ముఖ్యమైన పని స్ప్రింగులో మిగిలిన శక్తిని వదిలేయడం. కీ తిప్పే బొడిపెను వేళ్ళతో గట్టిగా పట్టుకుని, వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్ అనే కొక్కాన్ని పక్కకి జరిపి, బొడిపెను వేళ్ళ మధ్య మెల్లగా తిరగనివ్వాలి. ఇది చేయకుండా స్క్రూలు విప్పితే చక్రాల పళ్ళు విరుగుతాయి. పాత టైంపీసులైతే మరీ జాగ్రత్త. వాటి స్ప్రింగు పెద్దది, చాలావాటిలో డబ్బా లేకుండా బయటే ఉంటుంది, చెయ్యి కోస్తుంది. తర్వాత ముళ్ళు, డయల్ తీసి, బ్యాలెన్స్ వీల్‌ని దాని వంతెనతో సహా ముందుగా ఎత్తి పక్కన పెట్టాలి. ఆ తర్వాత ప్యాలెట్ ఫోర్క్, ఆపైన చక్రాలు, చివర్లో బ్యారెల్. ప్రతి మెట్టుకీ వార్డెన్ గారి ఫోన్‌లో ఒక ఫోటో. మళ్ళీ బిగించేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

నూనె గురించి రెండు మాటలు. కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె వద్దు. వాచీ నూనె వేరే దొరుకుతుంది. అదీ సూది మొనకి అంటినంత. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి, హెయిర్ స్ప్రింగ్‌కి అసలు వేయకూడదు. షాపుల్లో పెట్రోలుతో కడుగుతారు. హాస్టల్లో ఆ పని ఎవరూ చేయొద్దు. వంటగది పక్కనే ఉంది. మొదటి కొన్ని నెలలు కడగకపోయినా ఫర్వాలేదు, విప్పి బిగించడమే చాలు. ఇంకోటి, చీకట్లో మెరిసే ముళ్ళని మనం 'రేడియం' అంటాం. 1960ల దాకా కొన్ని విదేశీ వాచీల్లో నిజంగానే రేడియం ఉండేది. ఆ రంగు వేసే పనిలో అమెరికాలో 1920లలో ఎందరో ఆడపిల్లలు జబ్బుపడి చనిపోయారు. మరీ పాత వాచీ దొరికితే ఆ రంగుని గీకొద్దు, ఊదొద్దు.

వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది తప్పు ఎక్కడుందో వెతకడం. బ్యాలెన్స్ తీసేసి, కీ కొంచెం ఇచ్చి, ప్యాలెట్ ఫోర్క్‌ని సన్నని పుల్లతో తాకండి. అది టక్కున అవతలి వైపుకి గెంతితే స్ప్రింగు నుంచి అక్కడిదాకా శక్తి వస్తున్నట్టే, జబ్బు బ్యాలెన్స్ వైపు ఉంది. బద్ధకంగా కదిలినా, కదలకపోయినా జబ్బు చక్రాల వైపు ఉంది. ఒక్క తాకుడుతో సగం వాచీ అనుమానం నుంచి బయటపడింది. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయండి. వాచీ ఉన్నట్టుండి గంటకి నిమిషాల కొద్దీ ఫాస్టుగా పోతుంటే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయేమో చూడండి. ఏ స్పీకరు అయస్కాంతం పక్కనో పెట్టి ఉంటారు. ఇక్కడ బట్టీ పనిచేయదు, మాస్టారి మొహం చూసి జవాబు మార్చుకోవడం కుదరదు. కష్టపడ్డాడు పాపం అని వాచీ ఎవరికీ మార్కులు కలపదు. మన పిల్లల్లో ఎంతోమందికి తెలివి ఉండి కూడా తరగతిలో లేచి చెప్పడానికి భయం. ఇంగ్లీషు రాదని భయం, నవ్వుతారని భయం. వాచీ ముందు ఆ భయం అక్కర్లేదు. అది ఏ మీడియమని అడగదు.

చదువు పాడవుతుందన్న మాటకి నా జవాబు ఇది. పదో తరగతివాళ్ళు జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా దీని జోలికి రావద్దు. మిగతావాళ్ళు వారానికి రెండు గంటలు కేటాయిస్తే టీవీ ముందు పోయే కాలం కన్నా ఎక్కువేమీ కాదు. రాత్రి బల్బు వెలుతురులో వద్దు, కళ్ళు లాగుతాయి.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆగిపోయిన హెచ్.ఎం.టి. వాచీలు మూడు, పైన చెప్పిన సామాను, ఒక నోటుబుక్కు వార్డెన్ గారికి అందజేసి ఉంటాను. ఆదివారం భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో కిటికీ పక్కనున్న బల్ల వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. నలుగురి కన్నా ఎక్కువమంది ఒకేసారి కూర్చోవద్దు. ఎవరు విప్పారు, ఏ భాగం ముందు వచ్చింది, నడిస్తే రోజుకి ఎన్ని సెకన్లు తేడా వచ్చింది అన్నవి నోటుబుక్కులో రాసి పెట్టండి, దసరా సెలవుల తర్వాత వచ్చి చూస్తాను. మూడింటిలో నల్ల డయల్ వాచీకి బ్యాలెన్స్ ఇరుసు విరిగింది. అది ఎలాగూ నడవదు. దాన్నే ముందు విప్పండి.